పాత కారుతో ఆటోనగర్ ప్రయాణం

కృష్ణా, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెలలో లారీ గాని, బస్సు గాని, ట్రాక్టరు గాని ఊరి మెకానిక్‌కు లొంగకపోతే పెద్దలు చెప్పే మాట ఒకటే: "బెజవాడ ఆటోనగర్‌కు తోలుకుపోండి." చూడదగిన స్థలాలు అనగానే మనకు కొండలు, గుహలు, సముద్రతీరాలు గుర్తుకు వస్తాయి. ఆటోనగర్‌ను చూడటానికని ఎవరూ పోరు. బండి మొరాయిస్తే పోతారు, బాగుకాగానే వచ్చేస్తారు. 2025 వేసవిలో మా బావగారి పాత అంబాసిడర్ కారుతో నేను కూడా వెళ్లి ఒక రోజంతా అక్కడ గడిపాను. ఆ ప్రయాణంలో తెలుసుకొన్న సంగతులు పాత బండ్లు వాడుకొనే మన రైతు కుటుంబాలకు పనికివస్తాయని తలచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కారు సంగతి

మా అక్కను దివిసీమలో ఇచ్చారు. అవనిగడ్డకు దగ్గరలోనే వారి ఊరు. బావగారికి నాలుగెకరాల మాగాణి, రెండు గేదెలు, ఒక కారు. ఆ కారు 1994 మోడల్ డీజిల్ అంబాసిడర్. బావగారి తండ్రిగారు బతికి ఉన్న రోజులలో బందరులో ఒక డాక్టరుగారి వద్ద కొన్నారు. పేరుకు అది బావగారిదే గాని, ఊళ్లో అందరూ దానిని "మన కారు" అంటారు. పురిటి నొప్పులు వచ్చినా, పాము కరిచినా, పెండ్లికుమార్తెను సాగనంపాలన్నా ఆ గుమ్మం ముందుకే వస్తారు. నడవలేని ముసలివారిని ఆదివారం చర్చికి తీసుకువచ్చేది కూడా ఆ కారే. డీజిలు డబ్బులు ఇస్తే బావగారు తీసుకొంటారు, ఇవ్వకపోతే అడగరు.

ఆ కారుకు మూడేళ్లుగా ఒక జబ్బు ఉంది. ముందు ఎడమ చక్రం గుంటలో దిగి లేచినప్పుడల్లా "టక్కు" మని శబ్దం వచ్చేది. స్టీరింగ్ తిప్పడం బరువైంది. ఎడమ టైరు ఒక పక్కనే తొందరగా అరిగేది. ఊరి మెకానిక్ కుర్రవాడు చూసి, "ముందు సెట్టు విప్పాలండి. దీని సామాను మన దగ్గర దొరకదు. ఆటోనగర్‌కు తీసుకుపోండి" అన్నాడు. బావగారు సరే అన్నారు. కాని ఆ ఏడు మినుముకు తెగులు తగిలింది. మరుసటి ఏడు చిన్నమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి కోసిన వరి పనలను నీళ్లపాలు చేసింది. 2024 సెప్టెంబరులో కృష్ణకు వచ్చిన వరదను ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేరు. ఇలా ప్రతిసారీ ఒక కారణం. ప్రతి కారణమూ న్యాయమైనదే. కారు మాత్రం తోలితే కదులుతూనే ఉంది. "నడుస్తోందిగా, పంట చేతికి రాగానే చూద్దాం" అనే మాటతో మూడేళ్లు గడిచిపోయాయి.

ఈలోగా పెద్దమ్మాయి, అంటే నా మేనకోడలు, పురిటికి పుట్టింటికి వచ్చింది. ఎనిమిదో నెల. రక్తపోటు ఎక్కువగా ఉన్నదనీ, ఏ రాత్రి అయినా విజయవాడ తీసుకురావలసి రావచ్చనీ డాక్టరమ్మగారు హెచ్చరించారు. 108 బండి ఉన్నది గాని, పిలిచిన క్షణాన అది ఏ ఊళ్లో ఉంటుందో ఎవరు చెప్పగలరు? మా అక్క సాధారణంగా డబ్బు విషయాలలో బావగారికి ఎదురు చెప్పదు. ఆ రోజు మాత్రం అన్నం వడ్డిస్తూ నిదానంగా అన్నది: "ఆ టక్కుమనే శబ్దం పోయేదాకా నా బిడ్డను ఆ కారు ఎక్కించను." బావగారు ముద్ద నోట పెట్టుకోకుండా కాసేపు కంచంలోకి చూశారు. ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి, "బావా, రేపు నాతో బెజవాడ రాగలవా?" అని అడిగారు.

దారి పొడుగునా

తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాము. ఎండ ముదరకముందే చేరాలని ఒక కారణం. దారిలో లారీలు తక్కువగా ఉండగానే నెమ్మదిగా పోవాలని రెండవ కారణం. బావగారు నలభై కిలోమీటర్ల వేగం దాటనివ్వలేదు. పులిగడ్డ అక్విడెక్టు మీదుగా కృష్ణ పాయ దాటాము. దివిసీమ పొలాలకు సాగునీరు నది పాయను దాటి వచ్చేది దాని మీదుగానే. చల్లపల్లి దాటాక, క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ, నాట్యానికి పేరుపడిన కూచిపూడి వరుసగా వచ్చాయి. పామర్రు దగ్గర బందరు - హైదరాబాదు పెద్ద రోడ్డు ఎక్కాము. గుంట కనబడినచోటల్లా బావగారు కారును ఆపినంత పని చేసి దింపుతున్నారు. అయినా "టక్కు" మానలేదు.

వేసవి కనుక కాలువలు ఎండి ఉన్నాయి. ఒకచోట లాకుల దగ్గర మనుషులు తలుపులకు పని చేస్తున్నారు. బావగారు దానిని చూపించి, "కాలువ కట్టేసిన ఈ రెండు నెలలలోనే తలుపు బాగుచేసుకోవాలి. నీళ్లు వదిలిన తరువాత ఎవరి తరం?" అన్నారు. డెల్టా రైతుకు ఈ సంగతి ఒకరు నేర్పనక్కరలేదు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగినప్పుడు, 1957లో ప్రకాశం బరాజు పూర్తయ్యేదాకా రైతులు పడిన తిప్పలు మన తాతలు చెప్పగా విన్నవే.

ఆ మాటల మీద 2024 నాటి తుంగభద్ర సంగతి కూడా వచ్చింది. ఆ ఏడు ఆగస్టు 10వ తేదీ రాత్రి, హోస్పేట దగ్గర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగిపోయి, గేటు వరదలో కొట్టుకుపోయింది. ఆనకట్టకు అప్పటికి ఏడు పదుల వయసు. గోడకు ఏమీ కాలేదు, నిండా నీళ్లు ఉన్నాయి, చూడటానికి అంతా సవ్యంగానే ఉన్నది. తెగినది ఒక్క గొలుసు. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలు దింపి, వారం రోజులలో ప్రవాహాన్ని ఆపారు. కాని అప్పటికే పదుల టీఎంసీల నీరు దిగువకు పోయింది. బావగారు కొంత దూరం మౌనంగా తోలి, "మన గొలుసు ఎక్కడున్నదో ఈ రోజు తేలుతుంది" అన్నారు.

ఉయ్యూరు, కంకిపాడు, పోరంకి దాటి, కానూరు దగ్గర కుడివైపుకు తిరిగే సరికి ఏడు గంటలైంది.

బండ్ల నగరం

ఈ ప్రాంతం పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. 1960ల దశకంలో ఏర్పడింది. దాని స్థానబలం అంతా రోడ్లలో ఉన్నది. చెన్నై నుండి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, పుణె నుండి హైదరాబాదు మీదుగా బందరు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి బెంజిసర్కిల్ దగ్గర కలుస్తాయి. పాత నంబర్లు 5, 9 అంటేనే మన వారికి తొందరగా తెలుస్తుంది. ఆ రెండు రోడ్లకు నడుమ ఆటోనగర్ ఉన్నది. నాలుగు దిక్కుల నుండి వచ్చే లారీలకు అదే పుట్టినిల్లు, అదే ఆసుపత్రి, చివరకు అదే శ్మశానం కూడా.

పుట్టినిల్లు అని ఎందుకంటున్నానంటే, కంపెనీ నుండి ఇంజను, చట్రం మాత్రమే వచ్చిన లారీకి ఇక్కడ శరీరం కడతారు. ఒక వీధిలో అడుగడుగునా వడ్రంగులు, వెల్డింగ్ పనివారు కొత్త లారీలకు తొట్లు బిగిస్తున్నారు. మరొక వీధిలో కమాను కట్టలు కొలిమిలో కాల్చి సుత్తితో వంచుతున్నారు. ఒకచోట అన్నీ రేడియేటర్లే. ఒకచోట సీట్లకు రెక్సిన్ కుట్టేవారు. ఒకచోట గేర్‌బాక్సులు విప్పి పళ్లెంలో పోసినట్టు పళ్ల చక్రాలు పరచుకొని కూర్చున్నవారు. డ్రైవరు లారీని ఎక్కడ నిలిపినా, వంద గజాల లోపల దానికి కావలసిన పనివాడు దొరుకుతాడు. ఒక మెకానిక్ తనకు రాని పనికి సిగ్గుపడడు. "ఇది నా పని కాదు, ఆ మలుపులో లేత్ ఆయన దగ్గరకు పోండి" అని చెప్పి, వెంట కుర్రవాడిని పంపుతాడు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది.

శ్మశానం కూడా చూశాము. పాత బండ్లను కోసి, ఇనుము ఇనుముగా, ఇత్తడి ఇత్తడిగా, గాజు గాజుగా వేరుచేసే దుకాణాల వరుస అది. ఒక గోడకు పాత బస్సుల స్టీరింగు చక్రాలు దండలాగా వేలాడుతున్నాయి. మా కారును చూడగానే ఒక వ్యాపారి లేచి వచ్చాడు. చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద తట్టి, "రేకు గట్టిది. ముప్పై ఐదు వేలు ఇప్పుడే ఇస్తాను, కాగితాల పని కూడా నేనే చూసుకొంటాను" అన్నాడు. బావగారు జవాబు చెప్పలేదు. కాని ఆ అంకె మనసులో పడిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

పెద్ద మేస్త్రిగారు

మా ఊరి కుర్రవాడు చెప్పిన షెడ్డు లోపలి వీధిలో, వేపచెట్టు కింద ఉన్నది. మేస్త్రిగారికి డెబ్బై దాటి ఉంటాయి. పన్నెండేళ్ల వయసులో పానాలు కడగడానికి ఈ పనిలో చేరారట. అంబాసిడర్ అంటే ఆయన చేతికి సొంత బిడ్డ వంటిది.

ఈ కారు చరిత్ర పిల్లలకు తెలియకపోవచ్చు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ అనే కారు ఉండేది. దాని నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1950ల చివర నుండి అంబాసిడర్‌ను తయారుచేశారు. మంత్రులు, కలెక్టర్లు, డాక్టర్లు, టాక్సీవారు, పెండ్లివారు అందరూ అందులోనే తిరిగారు. ముందు దీపాలు, జల్లెడ, ఇంజను మారుతూ వచ్చినా ఒడ్డూ పొడుగూ పెద్దగా మారలేదు. 2014 మే నెలలో ఆ కర్మాగారం పని నిలిపివేసింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీవారు 80 కోట్ల రూపాయలకు కొన్నారు. అంటే ఇప్పుడు కొత్త అంబాసిడర్ రాదు. ఉన్నవాటిని కాపాడుకోవలసిందే.

మేస్త్రిగారు శబ్దం గురించి బావగారిని ఏమీ అడగలేదు. జాకీ పెట్టి ఎడమ చక్రాన్ని నేల నుండి నాలుగు వేళ్ల ఎత్తు లేపారు. ఒక చేయి టైరు పైభాగాన, ఒక చేయి కిందిభాగాన వేసి, లోపలికీ బయటికీ ఊపారు. చక్రం వదులు పన్నులాగా కదిలింది. "అమ్మాయికి పెండ్లి చేసినన్నాళ్లు ఆపారా బాబుగారూ దీన్ని?" అన్నారు నవ్వకుండా.

తరువాత చక్రం, బ్రేకు డ్రమ్ము విప్పించి, మా ఇద్దరినీ దగ్గరకు పిలిచి చూపించారు. అంబాసిడర్ ముందు చక్రాన్ని పట్టుకొని ఉండేది కింగ్ పిన్ అనే నిలువు కడ్డీ. దానికి పైన ఒకటి, కింద ఒకటి ట్రనియన్ అనే దిమ్మెలు ఉంటాయి. కడ్డీకి మరలు, దిమ్మెకు మరలు. స్టీరింగ్ తిప్పినప్పుడు సీసా మూత తిరిగినట్టుగా కడ్డీ ఆ మరలలో కొద్దిగా తిరుగుతుంది. కారు ముందుభాగపు బరువు, గుంటల దెబ్బలు అన్నీ ఆ మరలే భరించాలి. వాటికి గ్రీజు అందితే చాలా ఏళ్లు అరగవు. అందకపోతే ఇనుము మీద ఇనుము రాసుకొని, మరలు పొడి పొడిగా రాలిపోతాయి.

మేస్త్రిగారు కింది దిమ్మెను చేతితో పట్టుకొని కడ్డీ నుండి లాగారు. మర తిప్పకుండానే అది సగం దాకా జారివచ్చింది. ఆయన తన అరచేతిలో దానిని పెట్టి బావగారికి చూపించారు. లోపల మరలు ఉండవలసిన చోట నున్నగా మెరుస్తున్నది. చివర రెండు చుట్లు మాత్రం మిగిలి ఉన్నాయి. "ఈ రెండు చుట్ల మీద దివిసీమ నుండి ఇక్కడికి వచ్చారు. ఇవి కూడా పోతే కడ్డీ దిమ్మెలో నుండి ఊడి వస్తుంది. చక్రం అడ్డంగా మడతపడుతుంది, బండి ముక్కు నేలకు ఆనుతుంది. ఇంటి ముందు తిప్పుతుంటే జరిగిందా, రేకు చొట్టపడుతుంది. కట్ట మీద లారీ ఎదురుగా వచ్చేటప్పుడు జరిగిందా..." అని ఆపేశారు. బావగారు షెడ్డు గట్టు మీద కూర్చున్నారు. మనసులో ఎవరిని తలచుకొన్నారో నాకు తెలుసు. నేను ఏమీ అనలేదు.

కాసేపటికి బావగారు అడిగారు: "మేస్త్రిగారూ, గ్రీజు కొట్టిస్తూనే ఉన్నానండి. ఆరు నెలలకోసారి మా ఊళ్లో కొడతారు." మేస్త్రిగారు దిమ్మెకున్న చిన్న గ్రీజు నిపుల్‌ను విప్పి వెలుతురుకు ఎత్తారు. రంధ్రం గట్టిపడిన మట్టితో, పాత గ్రీజుతో మూసుకుపోయి ఉన్నది. "కొట్టారు, నిజమే. లోపలికి పోలేదు. గన్ను మూతి చుట్టూ బయటికి వచ్చిన గ్రీజును గుడ్డతో తుడిచి, పని అయిందనుకొన్నారు. పాత గ్రీజు రెండో పక్క సందులో నుండి బయటకు నెట్టుకొని వచ్చి, వెనుక కొత్త గ్రీజు కనబడితేనే అది గ్రీజు పెట్టినట్టు. చక్రం నేల మీద ఉండగా కాదు, లేపి పెట్టాలి. బరువు దిగితేనే సందు తెరుచుకొంటుంది."

అమ్మాలా, బాగుచేయించాలా?

అప్పుడు లెక్కల మాట వచ్చింది. రెండు వైపులా కింగ్ పిన్లు, ట్రనియన్లు, బుష్‌లు మార్చాలి. విప్పాము కనుక ముందు బ్రేకు లైనర్లు, కారుతున్న ఒక వీల్ సిలిండరు కూడా మార్చాలి. లేత్ పని, కూలి కలిపి పదకొండు పన్నెండు వేలు. బావగారు గట్టు మీద వేలితో అంకెలు వేశారు. ఒక పక్క చేతికి వచ్చే ముప్పై ఐదు వేలు. ఒక పక్క చేతి నుండి పోయే పన్నెండు వేలు. దాని మీద పాత బండికి కాగితాల ఖర్చు కూడా ఉన్నది.

ఆ ఖర్చు సంగతి తెలియనివారి కోసం చెబుతాను. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లు చెల్లుతుంది. తరువాత బండిని చూపించి, ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుండి కారుకు ఆ రుసుము 600 నుండి 5,000 రూపాయలకు పెరిగింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు పైబడిన బండ్లకు ఇంకా పెంచారు. బావగారు 2024లోనే పొడిగింపు చేయించారు కనుక 2029 దాకా ఇబ్బంది లేదు. ఆ మాట విని మేస్త్రిగారు అన్నది నాకు గుర్తుండిపోయింది: "ఆ కాగితం బండి ఆ రోజు ఎలా ఉన్నదో చెబుతుంది బాబుగారూ. రేపు ఎలా ఉంటుందో చెప్పేది గ్రీజు గన్నే."

నేను బావగారి పక్కన కూర్చొని, "ముప్పై ఐదు వేలకు ఇప్పుడు ఏ కారు వస్తుంది బావా?" అని మాత్రం అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "కారు రాదు. రాకపోయినా నాకు పరవాలేదు, స్కూటరు ఉంది. కాని మన వీధి చివర ముసలమ్మకు డయాలిసిస్ ఉంది. వారానికి రెండుసార్లు బందరు పోవాలి. ఆమె స్కూటరు ఎక్కలేదు" అన్నారు. తరువాత లేచి, "కానివ్వండి మేస్త్రిగారూ. రెండు వైపులా మార్చండి" అన్నారు.

పని జరిగిన తీరు

సామాను కోసం మేస్త్రిగారి శిష్యుడితో కలిసి నేనూ వెళ్లాను. కర్మాగారం మూతబడినా అంబాసిడర్ విడిభాగాలు ఆటోనగర్‌లో దొరుకుతూనే ఉన్నాయి. కొన్ని పాత నిలవలు, కొన్ని చిన్న చిన్న కార్ఖానాలలో కొత్తగా చేసినవి. మొదటి దుకాణంలో ఇచ్చిన దిమ్మెను మేస్త్రిగారు కడ్డీ మీద తిప్పి చూసి వెనుకకు పంపారు. "మర వదులు. ఇది బిగిస్తే ఏడాదికి మళ్లీ వస్తారు" అన్నారు. రెండో దుకాణంలోదీ నచ్చలేదు. మూడో దుకాణంలో, నూనె కాగితం చుట్టి ఉన్న పాత నిలవ జత దొరికింది. ధర రెండు వందలు ఎక్కువ. దానిని తిప్పితే నెయ్యిలాగా మెత్తగా తిరిగింది. చేయి వదిలితే కదలలేదు. "ఇదీ" అన్నారు మేస్త్రిగారు.

మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే వేపచెట్టు కింద అక్క కట్టి ఇచ్చిన పులిహోర, పెరుగన్నం తిన్నాము. మేస్త్రిగారికీ, ఇద్దరు శిష్యులకూ సరిపడా ఉంటుందని తెలిసే అక్క పెద్ద డబ్బా కట్టింది. శిష్యులలో చిన్నవాడు పదో తరగతి తప్పి వచ్చాడట. పొద్దున్నే పానాల పేర్లు తప్పు చెబుతున్న ఆ కుర్రవాడు, సాయంత్రానికి కుడి చక్రం తానే విప్పి పక్కన వరుసగా పేర్చాడు. మేస్త్రిగారు ఆ వరుసను చూసి, కుడివి ఎడమవి కలిపాడని గద్దించి, మళ్లీ మొదటి నుండి పేర్పించారు. విప్పిన ప్రతి ముక్కనూ కిరసనాయిలులో కడిగించారు. పనివాడికి ఇంతకన్న మంచి బడి ఉంటుందా అనిపించింది.

రెండు వైపులా బిగించి, గ్రీజు కొట్టి, పాత గ్రీజు సందులలో నుండి నెట్టుకొని రావడం బావగారి చేతనే చూపించి, బ్రేకులలో గాలి తీసి, ముందు చక్రాల వాలు సరిచేయించే సరికి రాత్రి ఎనిమిదైంది. మొత్తం 11,800 రూపాయలు. మేస్త్రిగారు అరిగిన దిమ్మెను పారేయకుండా ఒక గుడ్డలో చుట్టి బావగారికి ఇచ్చారు. "ఇంట్లో పెట్టుకోండి. ఇంకెవరైనా 'నడుస్తోందిగా' అంటే చూపించండి" అన్నారు.

తిరుగు దారిలో ఉయ్యూరు దాటిన తరువాత ఒక పెద్ద గుంట వచ్చింది. ఎదురు దీపాల వెలుగులో బావగారికి అది కనబడలేదు. కారు దిగింది, లేచింది. శబ్దం లేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకొన్నాము. ఇంటికి చేరేసరికి అక్క వాకిట్లోనే ఉన్నది. "పోయిందా?" అని అడిగింది. "పోయింది" అన్నారు బావగారు. అంతే.

ఇరవై రెండు రోజుల తరువాత, రాత్రి ఒంటిగంటకు మేనకోడలికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు మరొక కేసు మీద దూరంగా ఉన్నదని చెప్పారు. బావగారు కారు తీశారు. అక్క వెనుక సీటులో కూతురి తలను ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. తెల్లవారకముందే విజయవాడ ఆసుపత్రికి చేరారు. మరునాడు మధ్యాహ్నం ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. దేవుని దయవలన తల్లీ బిడ్డా క్షేమం. ఆ పాత దిమ్మె మీదనే ఆ రాత్రి ప్రయాణం జరిగి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

మీ ఇంటి బండి సంగతి

ప్రియ పాఠకులారా! బావగారు బాధ్యత లేని మనిషి కారు. ఊరందరి అవసరానికీ పలికే మనిషి. అయినా ఆ పని మూడేళ్లు ఆగింది. ఎందుకంటే ఆగిపోయిన బండిని అందరూ బాగుచేయిస్తారు, నడుస్తున్న బండిని ఎవరూ బాగుచేయించరు. దీపం వెలగకపోతే కనబడుతుంది, హారన్ మోగకపోతే తెలుస్తుంది. బరువు మోసే భాగం మాత్రం మట్టి వెనుక, మూత వెనుక మౌనంగా అరుగుతుంది. అది ఒక చిన్న శబ్దంతోనే మనకు చెబుతుంది. ఆ శబ్దానికి చెవులు అలవాటుపడితే అదీ వినబడదు. కొత్తగా ఇంటికి వచ్చినవారు "ఏమిటా చప్పుడు?" అని అడిగితే, వారి మాట వినండి.

కనుక ఈ వేసవిలో, కాలువలు కట్టివేసి పొలం పని తక్కువగా ఉన్నప్పుడు ఒక పూట కేటాయించండి. కారు గాని, జీపు గాని, ట్రాలీ ఆటో గాని, ముందు చక్రాన్ని జాకీతో లేపండి. మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మరువవద్దు. జాకీ మీద ఉన్న బండి కిందకు దూరవద్దు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకొని ఊపి చూడండి. కదిలితే, టైరు ఒక పక్కనే అరుగుతుంటే, స్టీరింగ్ ఒక వైపుకు లాగుతుంటే, గుంటలో దిగినప్పుడు శబ్దం వస్తుంటే, తెలిసిన మెకానిక్‌కు చూపించండి. గ్రీజు నిపుల్ ఉన్న బండి అయితే, కొత్త గ్రీజు అవతలి పక్క బయటకు వచ్చేదాకా దగ్గర నిలబడి పెట్టించండి. బ్రేకు నూనె తగ్గుతున్నదేమో గిన్నె మూత తీసి చూడండి. తగ్గుతుంటే పోసి ఊరుకోకుండా ఎక్కడ కారుతున్నదో వెదికించండి.

డబ్బు ఒకేసారి సమకూడకపోతే పనిని రెండుగా విడదీయండి. చక్రం, బ్రేకు, స్టీరింగ్ మొదట. రంగు, సీట్లు, పాటల పెట్టె తరువాత. ఇంట్లోని ఆడవారు ఆ బండి ఎక్కడానికి భయపడుతున్నామని చెబితే, దానిని తేలికగా తీసుకోవద్దు. వెనుక సీటులో కూర్చున్నవారికి బండి సంగతి తోలేవారికన్న ముందుగా తెలుస్తుంది. కల్లంలో ధాన్యం అమ్మిన రోజున, ఇతర ఖర్చుల కంటే ముందుగా ఆ నాలుగు రూపాయలు పక్కన పెట్టండి. మీ బండి ఎక్కేవారు మీ ఇంటివారే కావచ్చు, వీధి చివర ముసలమ్మ కావచ్చు. వారు మీ చేతుల మీద నమ్మకంతో తలుపు వేసుకొని కూర్చొంటారు.